రొయ్యల చెరువులో నీళ్ళు, మిణుగురులు, గోడ మీద నక్షత్రాల స్టిక్కర్లు: చీకట్లో ఇవన్నీ ఒకే కారణంతో మెరుస్తాయా?

ఒకే కారణం కాదండి. అంతర్వేది వైపు మీ బావగారి రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలాకి పడుకున్నప్పుడు నీళ్ళలో చెయ్యి పెట్టి కదిపితే తెల్లగా మెరిసిందన్నారు. ఇంట్లో పాప గదిలో అంటించిన నక్షత్రాలూ, కొబ్బరితోటలో మిణుగురులూ కూడా ఇదే బాపతా అని అడిగారు. నేను నరసాపురం దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో చాలా ఏళ్ళుగా చెరువు నీళ్ళూ సీడూ (చెరువులో వేసే రొయ్య పిల్లలు) పరీక్ష చేసే పనిలో ఉన్నాను. చెరువు సంగతి నా రోజువారీ తిండి కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి త్వరగా తేల్చేస్తాను.

చీకట్లో ఏదైనా మెరిస్తే ముందు చూడాల్సింది ఆ వెలుగు ఎవరిదని. గట్టు మీద నిలబడి నీళ్ళ అంచుకి టార్చి వేయండి, నారింజ రంగు చుక్కలు జంటలు జంటలుగా కనబడతాయి. అవి రొయ్యల కళ్ళు. టార్చి ఆర్పితే అవీ ఉండవు. పిల్లి కళ్ళు, దారికి అడ్డంగా పడుకున్న గేదె కళ్ళు కూడా అంతే, కంటి వెనక ఉన్న పొర మన లైటునే మనకి తిప్పి కొడుతుంది. బండి నంబర్ ప్లేటుకి వేయించుకునే రేడియం స్టిక్కర్ కూడా అదే పని చేస్తుంది, అందులో రేడియం చుక్కైనా ఉండదు. వీటిని ఈ లెక్కలోంచి తీసేయండి. టార్చి లేకుండా మెరిసినవాటి గురించే మనం మాట్లాడుకోవాలి.

మీరు చూసింది రెండింటిలో ఒకటి అయ్యుండాలి. మొదటిది డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవులు. వీటిలో పేరు మోసింది నాక్టిల్యూకా. ఒక్కోటి అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది, గాజు గ్లాసులో నీళ్ళు పోసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చూపు బాగున్నవాళ్ళకి ఆనుతుంది కూడా. 2019 ఆగస్టులో చెన్నై తిరువాన్మియూర్ బీచ్‌లో అలలు నీలంగా మెరుస్తున్నాయని జనం ఎగబడ్డారే, ఆ పని దీనిదే. క్రీకు (సముద్రపు పాయ) నీళ్ళు తోడుకున్నప్పుడు ఈ జాతివి చెరువులోకి రావడం వింతేమీ కాదు. రెండోది విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా. మీ బావగారికి నిద్ర పట్టనివ్వకూడనిది ఇది.

ఏదో తేల్చుకోవడానికి ల్యాబ్ దాకా కూడా రానక్కర్లేదు. వెన్నెల లేని రాత్రి ముదురు రంగు బకెట్‌లో చెరువు నీళ్ళు ముంచి షెడ్డులో పెట్టండి. లైట్లు ఆర్పేయండి, ఫోన్ జేబులో పెట్టేయండి, ఊరికే కూర్చోండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మన కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి వాట్సాప్ చూశారంటే మళ్ళీ మొదటికొస్తుంది. కళ్ళు కుదురుకున్నాక బకెట్‌ని ముట్టుకోకుండా చూడండి. కదలకుండా ఉన్న నీళ్ళలోనే పలచటి పాలిపోయిన వెలుగు ఆగకుండా కనబడుతుంటే బ్యాక్టీరియా. అంతా చీకటిగా ఉండి, చెయ్యి ఆడించగానే విడివిడిగా చుక్కలు చటుక్కున మెరిసి ఆరిపోతుంటే డైనోఫ్లాజెల్లేట్లు. వాటి మెరుపు ఒక్కోటి సాధారణంగా సెకనులో పదో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. తమని తినడానికి వచ్చినవాటిని బెదరగొట్టడానికీ, ఆ తినేవాణ్ణి ఇంకో పెద్ద చేపకి పట్టివ్వడానికీ అవి అలా మెరుస్తాయని శాస్త్రవేత్తలు అంటారు. నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్ రెక్క తగిలినా వాటికి శత్రువే.

ఒక తిరకాసు ఉంది. బ్యాక్టీరియా వెలుగు కూడా కదిపితే పెరుగుతుంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి ఇది చూపిస్తాను. విబ్రియో హార్వేయిని ఉప్పు కలిపిన పోషక ద్రవంలో పెంచి, ఆ ఫ్లాస్కుని కదపకుండా కాసేపు చీకటి గదిలో ఉంచుతాం. అడుగు నుంచి మెల్లిగా ఆరిపోతూ వస్తుంది. చివరికి పైన, గాలి తగిలేచోట మాత్రం వేలెడు మందాన ఒక పట్టీ మిగులుతుంది. ఫ్లాస్కు మెడ పట్టుకుని ఒక్కసారి గిర్రున తిప్పితే వెలుగు పైనుంచి సుడి తిరుగుతూ కిందికి దిగి అడుగుదాకా నిండుతుంది. చూసినవాళ్ళలో నోరు తెరవనివాళ్ళు లేరు. కారణం ఆక్సిజన్. ఈ వెలుగుకి అదే తిండి. బ్యాక్టీరియా లోపల లూసిఫెరేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది విటమిన్ బి2 నుంచి తయారైన ఒక పదార్థాన్నీ, పొడవాటి ఆల్డిహైడ్ అణువునీ ఆక్సిజన్‌తో కలుపుతుంది. అప్పుడు మిగిలే శక్తి వేడిగా పోకుండా 490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలి ఆకుపచ్చ కాంతిగా బయటికొస్తుంది. గాలి లేకపోతే ఈ దీపం ఆరిపోతుందన్న సంగతి ఎంత పాతదంటే, రాబర్ట్ బాయిల్ 1660ల్లోనే మెరిసే పుచ్చిన కర్రనీ చేపనీ గాజు పాత్రలో పెట్టి, పంపుతో గాలి లాగేసి, మళ్ళీ వదిలి చూశాడు. గాలి పోతే వెలుగు పోయింది, గాలి వస్తే వచ్చింది. అప్పటికి ఆక్సిజన్ అనేదొకటి ఉందనే ఎవరికీ తెలియదు.

మరి కంటికి తెల్లగా ఎందుకు కనబడింది, ఫోటోల్లో నీలంగా ఎందుకు ఉంటుంది? మసక చీకట్లో మనం చూసేది రాడ్లనే కణాలతో. వాటికి రంగు తెలియదు, వెలుగుందా లేదా అన్నదే తెలుస్తుంది. అదృష్టం ఏమిటంటే ఆ రాడ్లు బాగా పట్టుకునేది 500 నానోమీటర్ల దగ్గరి కాంతినే, అంటే దాదాపు ఈ బ్యాక్టీరియా ఇచ్చేదాన్నే. అందుకే అంత తక్కువ వెలుగైనా మనకి తెలుస్తుంది, కానీ బూడిద కలిసిన తెలుపులా. ఇంకో చిట్కా, సూటిగా చూడకుండా కాస్త పక్కకి చూడండి. చూపు నట్టనడుమ రాడ్లు ఉండవు, పక్కన దట్టంగా ఉంటాయి.

ఇక బావగారికి చెప్పాల్సిన ముక్క. ఈ బ్యాక్టీరియా ఒకటీ అరా ఉన్నప్పుడు వెలగవు. ఒక్కోటి బయటికి ఒక రసాయనాన్ని వదులుతుంది, గుంపు పెరిగేకొద్దీ నీళ్ళలో ఆ రసాయనం చిక్కబడుతుంది, ఒక మోతాదు దాటాక అన్నీ కలిసి దీపం వెలిగిస్తాయి. దీని దగ్గరి చుట్టం విబ్రియో ఫిషరై మీద పనిచేసి నీల్సన్, హేస్టింగ్స్ అనే శాస్త్రవేత్తలు 1970లో ఈ గుట్టు బయటపెట్టారు. అప్పట్లో చాలామంది నమ్మలేదు, ఇవాళ దాని మీద పెద్ద శాస్త్రమే నడుస్తోంది. మనకి అర్థం కావాల్సింది ఇంతే. చెరువు నిలకడగా వెలుగుతోందంటే విబ్రియో కౌంట్ (నీళ్ళలో వాటి సంఖ్య) అప్పటికే బాగా ముదిరిందన్నమాట. రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే హ్యాచరీల వాళ్ళు దీన్ని ఎల్బీ (లూమినస్ బ్యాక్టీరియా, అంటే వెలిగే బ్యాక్టీరియా) అంటారు, పేరు వింటేనే హడలిపోతారు. రాత్రి లైట్లు తీసి ట్యాంకులోకి తొంగిచూస్తే పిల్ల రొయ్యలే చుక్కల్లా మెరుస్తూ ఈదుతుంటాయి. చూడ్డానికి ముచ్చటే, తెల్లారేసరికి అడుగున కుప్పగా పడి ఉంటాయి.

మందుల షాపువాళ్ళ మాట విని యాంటీబయాటిక్ పొయ్యకండి. మన దేశపు హ్యాచరీలో టైగర్ రొయ్య పిల్లల్ని ఊడ్చేసిన విబ్రియో హార్వేయి యాంటీబయాటిక్స్‌కి లొంగని రకమని శాస్త్రవేత్త కరుణాసాగర్ గారి బృందం 1994లోనే ప్రచురించింది. పైగా నిషేధించిన మందు ఛాయ సరుకులో దొరికితే ఎగుమతి చేసిన కంటైనర్ వెనక్కొస్తుంది, ఆ దెబ్బ మన అందరికీ తగులుతుంది. ముందు మేత తగ్గించమనండి. తినకుండా మిగిలి అడుగున నల్లమట్టిగా మారిన మేతే ఈ బ్యాక్టీరియాకి విందు. ఏరియేటర్లు ఆగకూడదు. తవుడూ బెల్లమూ పులియబెట్టి ప్రోబయోటిక్‌తో కలిపి వేస్తారే, అది మంచి బ్యాక్టీరియాకి బలం ఇచ్చి వీటిని అణచడానికే, తప్పులేదు. కానీ కౌంట్ చూడకుండా ఏదీ గుడ్డిగా వెయ్యొద్దు. వెలగని చెరువులో విబ్రియో లేదనుకోవడం కూడా పొరపాటే. ఈఎమ్ఎస్ (రొయ్యలు చిన్నప్పుడే చచ్చిపోయే జబ్బు) తెచ్చే విబ్రియో పారాహీమోలిటికస్ చీకట్లోనే తన పని తాను చేసుకుపోతుంది. ఒకరకంగా ఎల్బీయే నయం, చెప్పి మరీ వస్తుంది. ఇవన్నీ ఉప్పు లేకపోతే బతకవు కాబట్టి కొల్లేరు వైపు మంచినీటి చేపల చెరువుల్లో ఈ గొడవ వినబడదు.

ఇదే కుటుంబం మన వంటింట్లోకి కూడా వస్తుంది. ఫ్రిజ్‌లో ఉంచిన పచ్చి రొయ్యలో, సముద్రపు చేపో అర్ధరాత్రి మెరుస్తోందని భయపడి ఫోన్ చేసినవాళ్ళున్నారు. చల్లదనంలో కూడా పెరిగే ఫోటోబ్యాక్టీరియం రకం అది. ఆ వెలుగు విషానికి గుర్తు కాదు, కానీ సరుకు ఎక్కువసేపు నిలవ ఉందని చెబుతుంది. వాసన తేడాగా ఉంటే పారేయండి, లేకపోతే బాగా ఉడికించండి. మా ఇంట్లో అయితే మా ఆవిడ రెండో మాట లేకుండా పిల్లికి వేసేస్తుంది.

కాకినాడ రేవులో కుప్పలు పోసే కారలు తెలుసు కదా, పులుసుకీ ఎండబెట్టడానికీ వాడే వెండిరంగు చిన్న చేప. ఆ చేప గొంతులో ఆహారనాళం చుట్టూ ఉంగరంలా ఒక అవయవం ఉంటుంది, దాని నిండా వెలిగే బ్యాక్టీరియాని పెంచుకుంటుంది. ఆ వెలుగుని లోపలి పొరల మీద పడేలా చేసి పొట్టవైపు నుంచి కిందికి వదులుతుంది. కిందనుంచి చూసే పెద్ద చేపకి, పైనుంచి వచ్చే ఆకాశపు వెలుతురులో కార నీడ కనబడకుండా పోతుంది. దాక్కోవడానికి దీపం పెట్టుకోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. బ్యాక్టీరియాకి కూడా లాభం లేకపోలేదు. అవి పట్టిన చిన్న చిన్న జీవులు చీకట్లో మెరిసి చేపల నోట పడతాయి, చేప కడుపులో వీటికి తిండికి లోటుండదు. 2012లో ఒక బృందం దీన్ని తొట్లలో పెట్టి చూపించింది. సముద్ర జీవుల వెలుగు ఎక్కువగా నీలంగా ఉండటానికి కారణం మాత్రం సులువు, నీళ్ళలో దూరం పోయేది ఆ రంగే.

మిణుగురు లెక్క వేరు. దానిలో బ్యాక్టీరియా ఏమీ లేదు, దీపం పూర్తిగా దాని సొంతం. పొట్ట చివరి అరల్లో లూసిఫెరిన్ అనే వెలుగునిచ్చే పదార్థం, లూసిఫెరేజ్, ఆక్సిజన్, వీటితోపాటు మన కండరాలు కూడా వాడే ఏటీపీ అనే ఇంధనం కలుస్తాయి. ఏటీపీ లేకపోతే వెలగదని అమెరికా శాస్త్రవేత్త మెక్ఎల్రాయ్ 1947లో తేల్చాడు, అందుకోసం బాల్టిమోర్ పిల్లలకి డబ్బులిచ్చి మిణుగురుల్ని పట్టించాడు. మన ఊళ్ళో అయితే అగ్గిపెట్టెలో ఊరికే పట్టుకొచ్చేవాళ్ళం. ఈ లూసిఫెరిన్, లూసిఫెరేజ్ అనే రెండు పేర్లూ 1880ల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త రఫాయెల్ దుబ్వా పెట్టినవి. అయితే మిణుగురు లూసిఫెరిన్ వేరు, బ్యాక్టీరియాది వేరు, నాక్టిల్యూకాది వేరు. ఎవరికి వారు విడివిడిగా కనిపెట్టుకున్న దీపాలు. మిణుగురు అంత ఠక్కున వెలిగి ఆరగలగడానికి కారణం, దీపం ఉన్న కణాలకి ఆక్సిజన్ అందే దారిని నైట్రిక్ ఆక్సైడ్ సాయంతో తెరిచి మూయగలగడం. వంద శాతం శక్తి వెలుగైపోతుందని పాత పుస్తకాల్లో కనబడుతుంది, అది అతి. 2008లో మళ్ళీ కొలిస్తే రసాయన చర్య వంద సార్లు జరిగితే 41 సార్లు కాంతి వచ్చింది. అదీ తక్కువేం కాదు.

మగవి ఎగురుతూ పిలుస్తాయి, ఆడవి గడ్డిలోంచి జవాబిస్తాయి. మలేషియాలో సెలంగోర్ నది ఒడ్డున మడచెట్ల మీద వేల మిణుగురులు ఒకే తాళంలో వెలిగి ఆరతాయి. మన కోరింగ వైపు నేను చూసినవి మాత్రం ఎవరి తాళం వాళ్ళదే. వీటి పిల్లపురుగులు తడి నేలమీద నత్తల్ని తిని బతుకుతాయి, అందుకే బోదెల పక్కన ఎక్కువ. మా చుట్టుపక్కల తోటలు చెరువులుగా మారి, గట్టుకి నాలుగు ఫ్లడ్ లైట్లు వెలిసినచోట ఇవి కనబడటం మానేశాయి. అంత వెలుతురులో ఆడదాని జవాబు మగదానికి ఎక్కడ కనబడుతుంది?

కొరివి దెయ్యాల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. బురదలోంచి వచ్చే మీథేన్ అంటుకుంటుందని తేలిగ్గా రాసేస్తుంటారు. మీథేన్ తనంతట తాను అంటుకోదండి, నిప్పు కావాలి. నా మటుకు నేను దగ్గరికెళ్ళి చూసిన కొరివి దెయ్యాలన్నీ పీతల కోసం లాంతరు పట్టుకుని గట్లెంబడి తిరిగే మనుషులే.

పాప నక్షత్రాలు అరువు సరుకు. వాటిలో ఉండేది ఎక్కువగా యూరోపియం కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్, 1990ల్లో జపాన్ వాళ్ళు దీన్ని మార్కెట్‌లోకి తెచ్చాక పాత జింక్ సల్ఫైడ్ వెనకబడిపోయింది. పగలో, ట్యూబ్‌లైట్ కిందో కాంతి తాగిన ఎలక్ట్రాన్లు ఆ స్ఫటికంలో కొన్ని లోపాల దగ్గర చిక్కుకుంటాయి. కాలవ కట్టేశాక చేలో గుంటల్లో నిలిచిన నీరు మెల్లగా ఇంకినట్టు, ఆ శక్తి గంటల తరబడి కొద్దికొద్దిగా వెలుగై బయటికొస్తుంది. ఆ ఎలక్ట్రాన్లని గుంటలోంచి పైకి తోసేది గదిలోని వేడే. పాపతో ఈ ఆట ఆడండి: రెండు స్టిక్కర్లని లైటు కింద ఒకేసారి పెట్టి, ఒకటి డీప్ ఫ్రీజర్‌లో, ఒకటి బయట చీకట్లో ఉంచండి. కాసేపటికి తీసి చూస్తే ఫ్రీజర్‌లోది మసకగా ఉంటుంది, అరచేతిలో పెట్టుకుని వెచ్చబెడితే మళ్ళీ ఎక్కువగా వెలుగుతుంది. దాచుకున్న శక్తి లోపలే ఉందన్నమాట.

నోట్ల నంబర్లు బ్యాంకు యూవీ దీపం కింద మెరవడం, ఆ దీపం కిందే తేలు నీలి ఆకుపచ్చగా మెరవడం, నూనెలో కరిగిన పసుపు మెరవడం ఇంకో రకం. అవి దాచుకోవు, దీపం తీయగానే ఆగిపోతాయి.

ఒక్క జాగ్రత్త. మీ ఇంట్లో తాతలనాటి చేతి గడియారమో అలారం గడియారమో ఉండి, ముల్లుల మీద గోధుమరంగుకి తిరిగిన పూత ఉంటే, అందులో నిజమైన రేడియమే ఉండొచ్చు. 1917 నుంచి అమెరికా ఫ్యాక్టరీల్లో ఆ పూత వేసిన ఆడపిల్లలు కుంచె మొన సన్నబడటానికి పెదాలతో తడిపేవాళ్ళు, వాళ్ళలో ఎందరో దవడ ఎముకలు పుచ్చి చనిపోయారు. ఆ పూతలో వెలిగేది జింక్ సల్ఫైడ్, దాన్ని వెలిగించేది రేడియం. కొన్నేళ్ళకి జింక్ సల్ఫైడ్ చెడిపోయి వెలుగు ఆగిపోతుంది, రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. వెలగడం లేదు కదా అని అద్దం విప్పి పాప చేతికివ్వకండి.